ఆవిడ గది

"ఈ గదిలో నేను దిగను. నా ట్రంకు పెట్టె గుమ్మం దాటించొద్దు," అంది నాయనమ్మ.

పెట్టెకు ఒక పక్క కొడుకు, ఇంకో పక్క ఫారం మేస్త్రి ఉన్నారు. ఇద్దరూ ఎత్తిన పెట్టెతో అలాగే నిలబడిపోయారు.

"మళ్ళీ ఏమైందమ్మా?" అన్నాడు కొడుకు. పొద్దుటి నుంచీ సామాన్లు దింపుతూనే ఉన్నాడు. రేపటి నుంచి ఈ ఫారంలోనే పాల వ్యాను నడపాలి.

"నన్నెందుకు అడుగుతావు, ఆయన్నే అడుగు."

మేస్త్రి పెట్టెను మెల్లగా కింద పెట్టాడు. ఆయన ఎవరినైనా మన్నించి మాట్లాడే మనిషి. ఇందాక నాలుగేళ్ళ మనవరాలు దారికి అడ్డం వస్తే "తమరు కాస్త పక్కకి జరగండమ్మా" అన్నాడు. ఆ పిల్ల అప్పటి నుంచీ మహారాణిలా తిరుగుతోంది.

"నేనేం అన్నానండీ? ఇన్నాళ్ళూ ఈ గదిలో మా పెద్దమ్మ ఉండేవారు, మీరొస్తున్నారని పాకలోకి మార్చాం అన్నాను. అంతేగా!"

"అంతేనా? పెద్ద ప్రాణాన్ని పాకలోకి తోసేసి, సున్నం కొట్టించి నాకిస్తే, నేను హాయిగా కాళ్ళు చాపుకుని పడుకోవాలా?"

"అయ్యో, తోయలేదండీ. మెల్లగా నడిపించుకునే వెళ్ళాం."

గది బాగానే ఉంది. వెడల్పాటి తలుపు, ఎదురు గోడకు పెద్ద కిటికీ. బయట గడ్డివాము మీద నుంచి లేచిన ధూళి సాయంత్రపు ఎండలో తడిసి, తలుపులోంచి తేలుతూ వచ్చి, ఎక్కడ వాలాలో తెలియనట్టు తిరుగుతోంది. అవతల పాలు పితికే యంత్రం ఒకే శ్రుతిలో ఊఁ అంటోంది. ఆ చప్పుడు వింటుంటే ఎవరో ఎవరినో నిద్రపుచ్చుతున్నట్టుంది.

"ఆవిడకి ఎవరూ లేరా?" నాయనమ్మ గొంతు తగ్గింది.

"ఎందుకు లేరండీ, తొమ్మిదిమందిని కన్నారు. ఒక్కరూ దగ్గర లేరు. తలో దిక్కూ వెళ్ళిపోయారు. ఆఖరామె వ్యానెక్కి వెళ్ళాక మూడు రోజులు ఏమీ ముట్టలేదు. ఇదిగో, ఈ కిటికీ దగ్గరే నిలబడి రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయారు."

నాయనమ్మ కిటికీలోంచి చూసింది. తెల్లటి మట్టిరోడ్డు కొంతదూరం వెళ్ళి, చెట్ల వెనక మలుపు తిరిగింది. మలుపు తిరిగిన బండి వెనక దుమ్ము ఎంతసేపు మిగిలి ఉంటుందో ఆమెకు తెలుసు. వచ్చి ట్రంకు పెట్టె మీద కూలబడింది.

"ఇప్పుడెలా ఉంది?"

"దిగులే అండీ. దానికి తోడు మోకాళ్ళ నొప్పులు. పాకలో నేల చెమ్మ. పొద్దు వాలేసరికి ఇటే నడుచుకుంటూ వచ్చేస్తారు. బతిమాలి తీసుకెళ్తుంటాం."

వంటింట్లోంచి కోడలు తొంగిచూసింది. "అత్తయ్యా, ఊరికే రాద్ధాంతం చేయకండి. ఇల్లు దొరకడమే గగనమైపోయింది. ఆవిడ సంగతి వాళ్ళు చూసుకుంటారు."

"నువ్వూరుకోవే. రేపు ఇంకెవరో వస్తున్నారని నన్నూ పాకలోకి నడిపిస్తే?"

"మనకి పాక లేదుగా అత్తయ్యా," అనేసి కోడలు నాలుక్కరుచుకుంది.

కొడుకు నవ్వాపుకున్నాడు. "ఏం చేయమంటావో చెప్పమ్మా. సామాన్లన్నీ మళ్ళీ ఎక్కించేదా?"

నాయనమ్మ గది నాలుగు మూలలూ చూసింది.

"గది పెద్దదే. ఆవిణ్ణి తీసుకురండి. ఇద్దరం ఉంటాం."

మేస్త్రి తన చెవులను తనే నమ్మలేనట్టు చూశాడు. "నిజంగానా అండీ? తర్వాత వాసనా గీసనా అనరు కదా?"

"నా దగ్గర మాత్రం అత్తరు గుబాళిస్తోందా? నొప్పుల మందు కంపు."

"గట్టిగా ఊపిరి తీస్తారండీ. దానికి తోడు ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూనే ఉంటారు."

"నా నోరు మాత్రం ఊరుకుంటుందా? మా కోడల్ని అడుగు."

"అడగక్కర్లేదండీ," అంది కోడలు.

మేస్త్రి నవ్వలేదు. "ఒకసారి తీసుకొచ్చాక మళ్ళీ పొమ్మనకూడదండీ. ఈసారి ఆవిడ తట్టుకోలేరు."

"నేను పొమ్మనను," అంది నాయనమ్మ. "నేనెప్పుడూ ఎవర్నీ పొమ్మనలేదయ్యా. అందరూ వాళ్ళంతట వాళ్ళే వెళ్ళారు."

మేస్త్రి భుజం మీది తువ్వాలుతో కళ్ళొత్తుకుని దాదాపు పరుగు తీశాడు.

"మేస్త్రి గారూ, ఆవిడ మంచం కూడా మోసుకురావాలా?" కొడుకు వెనక నుంచి అరిచాడు.

"మంచం వద్దండీ! కిందే పడుకుంటారు!"

నాయనమ్మకు ఎక్కడలేని ఓపిక వచ్చింది. ట్రంకు పెట్టెను తనే గోడవారకి జరిపింది. కిటికీ పక్క చోటంతా ఖాళీగా వదిలింది. మోకాళ్ళ నొప్పులన్నారు కదా అని తన దుప్పటిని నాలుగు మడతలు పెట్టి పరిచింది. చెంబుతో మంచినీళ్ళు పెట్టింది. ఏం మాట్లాడాలో మనసులో రెండుసార్లు అనుకుంది. పిల్లల సంగతి ముందుగా ఎత్తకూడదు. ఆవిడే చెబితే వినాలి.

మనవరాలు పరుపుచుట్ట మీద నిద్రపోయింది. ఎండ నేల మీద నుంచి దుప్పటి మీదికి, దుప్పటి మీద నుంచి గోడ మీదికి పాకింది. అవతల యంత్రం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అడుగుల చప్పుడు వినిపించింది. నెమ్మదిగా, ఆగి ఆగి, ఒక్కో అడుగూ ఆలోచించుకుని వేస్తున్నట్టుగా వస్తోంది.

నాయనమ్మ లేచి జుట్టు సవరించుకుంది.

"మొహమాటపడకు, లోపలికి రామ్మా. ఇది నీ గదే," అంది.

తల కాస్త పక్కకి వంచి, కొమ్ములు తలుపుకి తగలకుండా, ఆవిడ లోపలికి వచ్చింది.