ఒట్టి చెయ్యి

పొద్దుటి నుంచి పంతులమ్మ చెయ్యి ఒకచోట నిలవడం లేదు. ఇస్త్రీ చేసిన కోటునే మళ్లీ ఇస్త్రీ చేసింది. తలగుడ్డకు పెట్టిన పిన్ను తీసింది, మళ్లీ పెట్టింది. కాలు కాలిన పిల్లిలా హాలుకీ వంటింటికీ మధ్య తిరుగుతోంది.

"పరాయి మగాడి చెయ్యి పట్టుకుంటావా? నమాజులో ఎత్తే చెయ్యే అది!" తల్లి మళ్లీ మొదలుపెట్టింది.

"చెయ్యే కదా అత్తయ్యా, అరిగిపోతుందా?" అన్నాడు భర్త.

గొడవంతా వాళ్లు వలస వచ్చిన ఈ దేశంలో పెట్టిన ఆ చట్టంతో వచ్చింది. పౌరసత్వ ప్రమాణం రోజున బల్లకు అటొకరు, ఇటొకరు నిలబడి చేతులు కలపాలి. కలిపితేనే కాగితం. లేకపోతే ఏళ్ల తరబడి ఎదురుచూసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

"చేతికి తొడుగు వేసుకుంటే?" భర్త గొంతు తగ్గించాడు.

"ఒట్టి చెయ్యే ఉండాలట. అదీ రాశారు మహానుభావులు," అంది పంతులమ్మ.

కాలేజీలో ఆమె చెప్పేది తత్వశాస్త్రం. నమ్మకం మనసులో ఉంటుంది, చట్టం గుమ్మం దగ్గరే ఆగాలి అని పిల్లలకు గంటల తరబడి చెప్పింది. తీరా తన చేతి దాకా వచ్చేసరికి, చదివిన గ్రీకు పెద్దలూ అరబ్బు పెద్దలూ ఒక్కరూ పలకడం లేదు.

"మీ నాన్న ఏం చేశారు? గుర్తుందా?" అంది తల్లి.

గుర్తులేకేం! ఆడ అధికారి చెయ్యి చాస్తే, ఆయన తన చెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచాడు. కాగితం లేకుండా తిరిగొచ్చాడు. పోయేదాకా ఈ దేశంలో పరాయివాడే. అమ్మకు అది గర్వం. పంతులమ్మకు మాత్రం ఇప్పటికీ కోపమే, చట్టం మీదా, నాన్న మీదా కూడా.

"నా వల్ల కాదని చెప్పి వచ్చెయ్. ఇన్నాళ్లూ అది లేకుండా బతకలేదా?"

"ఇంత దూరం వచ్చి గుమ్మంలో ఆగిపోతే ఎలా అత్తయ్యా? మొన్న వీధి వీధంతా వచ్చి అభినందించి వెళ్లింది. వాళ్లకేం చెబుతాం?"

ప్రమాణం జరిగే టౌన్ హాల్లో మొదటి వరసలో, ఆ చట్టం తెచ్చిన పెద్దమనిషి కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. పంతులమ్మను చూసి మీసాల్లో నవ్వుకున్నాడు. ఏం చేస్తావో చూద్దాం అన్నట్టుంది ఆ నవ్వు. ఆమెకు ఒళ్లు మండింది.

"లేవండి మేడమ్, వేళయింది," అన్నాడు గుమాస్తా.

ఆమె తల్లి వైపు చూసింది. తల్లి మొహం తిప్పుకుంది.

నాన్న ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకోవడం గుర్తొచ్చింది. ఇంకెవరూ అలా ఇంటికి వెళ్లకూడదు అనుకుంది.

లేచి, గుమాస్తా అందించిన, మొన్నటి ఎన్నికల్లో తనకు దక్కిన మేయరు పదవి గొలుసు మెడలో వేసుకుని, బల్ల వెనక్కి నడిచి, కాగితం కోసం వరసలో మొదట నిలబడ్డ ముసలాయన వైపు ఒట్టి చెయ్యి చాచింది.