తడిసిన బ్రష్షు

ఫ్యాక్టరీలో పని పోయిన మర్నాటి నుంచి నూకరాజు వేపపుల్లతోనే పళ్ళు తోముకుంటున్నాడు. ఫ్యాక్టరీవాళ్ళు అతని పేరున ఇచ్చిన బ్రష్షు గూట్లో ఉంది. ఉద్యోగులందరికీ ఇప్పుడలాంటివే ఇస్తున్నారు. నోట్లో పెట్టుకుంటే చాలు, ఒంట్లో రోగం ముదరకముందే పసిగట్టి చెబుతుంది. మనకొక్కళ్ళకే చెబుతుందా, రేపు పని ఇచ్చేవాళ్ళకి కూడా మోస్తుందా అని అతని అనుమానం.

ఆ ఉదయం అతను పెరట్లో పుల్ల నములుతుంటే గూట్లోంచి బ్రష్షు పలికింది. "నూకరాజు గారూ, మీకు షుగరు చాలా ఎక్కువగా ఉంది. వెంటనే డాక్టరుకు చూపించుకోండి."

లోపలికొచ్చి చూస్తే బ్రష్షు తడిగా ఉంది.

"దీన్నెవులు వాడేరే?" అని భార్య వరహాలమ్మను గద్దించాడు.

"నానే. వాడకపోతే నువ్వేదో రోగం దాస్తన్నావని పనిచ్చేవోళ్ళు అనుకుంటారట. నీకింక పని దొరకదని బయ్యమేసి రోజూ నానే తోముకుంతన్నాను. నాకేటి రోగం, గుండ్రాయిలా ఉన్నాననుకున్నాను."

అతని కోపం చప్పున చల్లారింది. "అయితే ఆ షుగరు నీదేనే! పద, ఆస్పత్రికెళ్దాం."

"అక్కడ నా పేరు రాసుకుంటే నాను వంట సేసే ఇంటోళ్ళకి తెలీదేటి? ఇప్పుడు మనింట్లో ఉన్నది నా ఒక్క పనే."

వరహాలమ్మ అతని చేతిలో పుల్ల లాక్కుని, నమలని సగం విరిచి నోట్లో పెట్టుకుంది.

"షుగరుకి వేప మంచిదంటారు కదా," అంది.