రొద తగ్గిన బండి

“నా హెయిర్ డ్రయ్యర్‌కి ఈ తారేమిటండీ?”

“తారు కాదు, రబ్బరు,” అన్నాడాయన కారులోంచి తల బయటపెట్టకుండానే.

“నేనడిగింది తారా రబ్బరా అని కాదు.”

“తుడిస్తే పోతుందిలే.”

“అయితే మీరే తుడవండి. తల ఆరబెట్టుకునేదాంతో బండిని ఆరబెడతారా ఎవరైనా?”

గుమ్మంలో నిలబడ్డ కూతురు కిసుక్కున నవ్వింది. “నాన్న బండికి తలస్నానం చేయించారేమో అమ్మా!”

“నువ్వు నోర్ముయ్,” అంది ఆమె. కోపం డ్రయ్యర్ మీద కాదని ఆమెకీ తెలుసు.

అది రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారు. కూతురికంటే వయసులో పెద్దది. ఆయన ప్రెస్సులో ఫోర్‌మన్. వారమంతా మిషన్ల హోరులో మనుషుల చేత పని చేయించడం, ఆదివారం ఈ బండి హోరులో తిరగడం. స్టార్ట్ చేస్తే కాళ్ల కింద రేకు అదిరేది. తలుపులు గడగడలాడేవి. ఇంజన్ మోత మోకాళ్ల దగ్గరే పుట్టినట్టుండేది.

“ఆ బండిలో మా వాడితో మాట్లాడటమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే,” అనేది అత్తగారు. “చెవులు రెండూ ఆ ప్రెస్సుకి తాకట్టు పెట్టాడు.”

అలాంటి మనిషికి ఈ వారం ఉన్నట్టుండి రొద తగ్గించాలన్న పిచ్చి పట్టుకుంది. ప్రెస్సు నుంచి రాగానే బట్టలైనా మార్చుకోకుండా బండిలో దూరుతున్నాడు. సీట్లు ఊడదీశాడు. కింద పరిచినదంతా లాగి పారేశాడు. తుప్పు గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఒక పక్క వెండిలా మెరుస్తూ ఇంకో పక్క జిగురుగా ఉండే నల్లటి షీట్లు అంటించాడు. డ్రయ్యర్‌తో వేడి చేయడం, చిన్న రోలర్‌తో గాలి బుడగ లేకుండా ఒత్తడం. ఇంజన్ వైపు గోడలో వైర్లు దూరే కన్నాలన్నిటికీ రబ్బరు బిరడాలు బిగించాడు. వేలి కణుపుతో రేకు మీద కొట్టి చూపించాడు. ఒకప్పుడు పళ్లెంలా ఖంగుమనేది, ఇప్పుడు దిండు మీద కొట్టినట్టు ధబ్బుమంది.

“ఎందుకండీ ఇదంతా? ఇన్నేళ్లూ బాగానే ఉందిగా.”

“రొద మరీ ఎక్కువగా ఉందోయ్.”

“నాకేం ఇబ్బంది లేదు.”

“నాకుంది,” అన్నాడు రోలర్ ఆపకుండా.

ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఇంకా మాట్లాడితే అసలు సంగతి బయటపడుతుంది.

ప్రతి ఆదివారం కూరగాయల మార్కెట్‌కి వెళ్లేటప్పుడు ఆమె ఆ బండిలోనే మాట్లాడేది. వేగం పెరిగి ఇంజన్ గొంతెత్తగానే తనూ మొదలుపెట్టేది. అత్తగారి సూటిపోటి మాటలు, కూతురి మొండితనం, ఆయన పిసినారితనం, అన్నీ. ఆయన చూపు రోడ్డు మీదే. ఎప్పుడైనా “ఆఁ?” అనేవాడు. “ఏం లేదు,” అనేది. ఇంటికొచ్చేసరికి గుండె బరువు దిగిపోయేది.

పోయిన ఆదివారం ఆ రొదలోనే ఇంకో మాట అంది. ఎడమ రొమ్ము పక్కన గడ్డ తగులుతోందని. శనగగింజంత. నొప్పి లేదు.

ఆమె పిన్నికీ ఇలాగే వచ్చింది. పిన్ని నోరు విప్పిన రోజు నుంచి ఇల్లంతా గుసగుసలే. మనిషి ఎదురుగా ఉండగానే లేనట్టు మాట్లాడుకున్నారు. తనూ చెబితే తనకూ అంతే. చెప్పేదాకా అది ఉత్త గడ్డ, చెబితే జబ్బు. అందుకే ఇంట్లో ఎవరితోనూ అనలేదు. అనడానికి ఉన్న ఒక్క చోటుకీ ఆయన షీట్లు అంటించేస్తున్నాడు.

ఆదివారం వచ్చింది. తలుపు మెత్తగా మూసుకుంది. ఇంజన్ పక్కింట్లో ఎక్కడో తిరుగుతున్నట్టుంది. మలుపు లైటు టిక్ టిక్‌మనడం కూడా తెలుస్తోంది.

“ఎలా ఉంది?” అన్నాడు.

“బాగుంది.”

“నువ్వు ఊపిరి తీసుకున్నా వినబడుతోంది.”

ఆమె ఊపిరి బిగబట్టింది.

“ఏదైనా చెప్పు. ఇప్పుడు అరవక్కర్లేదుగా.”

“ఏం చెప్పను?”

“ఏదైనా.”

“టమాటాలు అయిపోయాయి.”

“ఇంకా?”

“ఏం లేదండీ.”

ఆయన మార్కెట్ మలుపు దాటిపోయాడు. చాలా దూరం వెళ్లాక గానీ వెనక్కి తిప్పలేదు. ఇంటి ముందు ఆపాక కూడా తాళం మీద చెయ్యి ఉంచి అలాగే కూర్చున్నాడు. ఆమె సంచీ తీసుకుని గబగబా దిగిపోయింది.

భోజనాల దగ్గర అత్తగారు అందుకుంది. “వారమంతా తిండీ నిద్రా మానేసి చప్పుడు తగ్గించావు. ఏం వినబడిందిరా?”

“ఏమీ వినబడలేదమ్మా.”

“అమ్మ మాట్లాడితేగా!” అంది కూతురు. “ఇప్పుడు అవన్నీ పీకేస్తారా నాన్నా?”

ఆయన నవ్వలేదు. కంచంలో అన్నం కలిపినది కలిపినట్టే ఉంది.

“రేపు నేను ప్రెస్సుకి వెళ్లట్లేదు,” అన్నాడు.

“అదేమిట్రా? ఒంట్లో బాగాలేదా?”

ఆయన తల్లి వైపు చూడలేదు. గరిటె పట్టుకుని నిలబడ్డ భార్య వైపు చూశాడు.

“పొద్దున్నే మనిద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం,” అన్నాడు, “పోయిన ఆదివారం బండిలో నువ్వు చెప్పిన ఆ గడ్డ చూపించడానికి.”