కొమురవ్వ గీత

పాల కేంద్రంలో దొంగను పట్టుకునే పనిని ఊరివాళ్ళు ఆ దొంగకే అప్పజెప్పారు. అతను చాలా శ్రద్ధగా మొదలుపెట్టాడు.

అతని పేరు రాజేంద్రప్రసాద్. మిరుదొడ్డి పక్క పల్లెలో పాల కేంద్రం సెక్రటరీ. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ముఖంలో దేశభక్తి. రోజూ పొద్దున జనం పాలు పోసి వెళ్ళాక, సిద్దిపేట డెయిరీ బండి వచ్చేలోపు, క్యానుల్లోంచి పది లీటర్లు తీసి ఇంటికి చేరవేసేవాడు. ఆ వెలితిని బోరింగు నీళ్ళతో పూడ్చేవాడు. ఆ బోరింగే గనక బర్రె అయి ఉంటే, జిల్లాలో మొదటి బహుమతి దానికే వచ్చేది.

రెండు నెలలకు సిద్దిపేట నుంచి చీటీ వచ్చింది. మీ పాలు పలచన, ఇట్లాగే ఉంటే తీసుకోం అని. కేంద్రం అధ్యక్షుడు రాజమల్లయ్య ఆ చీటీ పట్టుకుని వచ్చాడు.

"సెక్రటరీ, ఐతారం మీటింగుల ఇంటింటి లెక్క గోడ మీద సూపియ్యాలె. ఎవరి పాలు పల్చగున్నయో తేలాలె. అందరియి మంచిగనే ఉంటే, గప్పుడు..."

"గప్పుడేంది కాకా?"

"గప్పుడు నీళ్ళు కలిసింది గీ కేంద్రంలనే అన్నట్టు. నీ కుర్చీ పోతది, మీదికెళ్ళి పోలీసు కేసు."

రాజేంద్రప్రసాద్ నవ్వాడు. నవ్వు పెదవుల దాకా వచ్చి, పని ఉందని వెనక్కి వెళ్ళిపోయింది.

లెక్కలన్నీ అర్షీన్ చూసే కంప్యూటర్లో ఉన్నాయి. వారానికి మూడు రోజులు వచ్చే అమ్మాయి. నలభై రెండు ఇండ్లకు, ఒక్కో ఇంటి వెన్న శాతం ఒక్కో వరుస గడుల్లో ఎక్కించి, ఆ వరుసకు ఆ ఇంటివాళ్ళ పేరు పెట్టింది. మీటింగు కోసం ఒక మాక్రో కూడా రాసింది. మీట నొక్కితే చాలు, బడిలో హాజరు పిలిచినట్టు పేర్లను ఒక్కొక్కటే పిలిచి, ఒక్కో పేరుకు ఒక చార్టు గీసి పెడుతుంది.

"గది పేరు సూసి మనిషిని గుర్తుపడ్తదా బిడ్డా?" అని సెక్రటరీ అమాయకంగా అడిగాడు.

"మనిషెవరో దానికేం తెల్సు సార్! పేరు ఏ గడులను సూపిస్తే గా గడులకే గీత గీస్తది. బాలరాజు పేరుకు వేరేటోళ్ళ గడులు పెట్టిన్రనుకో, బాలరాజు గీతని చెప్పి వేరేటోళ్ళదే గీస్తది. దానికి సిగ్గుండదు."

ఆ చివరి గుణం సెక్రటరీకి బాగా నచ్చింది.

అర్షీన్ అన్నానికి వెళ్ళిన అరగంటలో అతను పేర్ల జాబితా తెరిచి, పెళ్ళిసంబంధం చూసినంత జాగ్రత్తగా ఒక్కో పేరూ పరీక్షించాడు. బాలరాజుకు నలుగురు అన్నదమ్ములు, నలుగురి దగ్గరా కట్టెలున్నాయి. లింగమూర్తికి వకీలు బావమరిది. కొమురవ్వ అయితే ఒంటరి మనిషి. రోజూ సాయంత్రం నాలుగు లీటర్లు పోస్తుంది. తనకిచ్చిన వెన్న శాతం చీటీలతో ఏరోజుకారోజు పొయ్యి ముట్టించుకుంటుంది. ఇంతకన్నా మంచి నేరస్తురాలు ఎక్కడ దొరుకుతుంది?

సిద్దిపేటలో తేలిన క్యానుల వెన్న అంకెలు అదే షీటులో ఒక మూలన ఉన్నాయి. కొమురవ్వ పేరును ఆమె గడుల నుంచి విప్పి, ఆ అంకెలకు కట్టేశాడు. బర్రె తాడు విప్పి దూడకు కట్టినంత తేలికగా అయిపోయింది.

ఐతారం పొద్దున ఊరంతా వచ్చింది. అర్షీన్ మీట నొక్కింది. గోడ మీద నలభై ఒక్క గీతలు తారు రోడ్డులా సాఫీగా పోయాయి. కొమురవ్వ గీత మాత్రం మోటబావిలోకి దిగింది.

నాలుగు లీటర్ల ముసలామె రెండొందల లీటర్లను ఎట్లా పలచన చేసిందని ఎవరూ అడగలేదు. గోడ మీద రంగుల గీత కనబడితే మనవాళ్ళకు లెక్కలు గుర్తుకు రావు.

"గిదేందవ్వా?" అన్నాడు సెక్రటరీ, గొంతులో బాధ నింపుకుని. "నీ బర్రె పాలిస్తదా, నల్లా ఇప్పుతదా?"

ఆమె అరుస్తుందని, మన్ను పోస్తుందని అతను సిద్ధపడి ఉన్నాడు. కొమురవ్వ అరవలేదు. కొంగు సర్దుకుని, తల వంచుకుని లేచింది.

"తప్పైంది సారూ. గవి నా బర్రెల పాలు గావు. రెండూ వట్టిపోయి రెండు నెలలాయె. పాలు పోయకుంటే మెంబరు కార్డు తీసేస్తరు, దాణా రాదని, పొద్దుగాల కొనుక్కొని పొద్దుమీకి గీడ పోస్తున్న. నీళ్ళయితే నేను కలపలె. అమ్మినోళ్ళే కలిపిన్రు కావచ్చు."

సెక్రటరీకి ఒళ్ళు పులకరించింది. ఒక్క దొంగను తయారు చేస్తే, ఆ దొంగ ఇంకో దొంగను ఈని ఇచ్చింది!

"ఎవరమ్మిన్రు?"

"ఇడిసిపెట్టు సారూ. ఇజ్జతున్నోళ్ళు."

"ఇడిసిపెట్టుడేంది! ఊరి పాలకు మన్ను కొట్టినోళ్ళను ఇడిసిపెడ్తనా? రాజమల్లు కాకా, నువ్వు సాక్షి. పేరు చెప్పనియ్యి, గీ దినమే కేసు నేనే పెడ్త!"

"చెప్పవ్వా," అన్నాడు రాజమల్లయ్య. "సారే అడుగుతుండు గద."

కొమురవ్వ తల ఎత్తింది.

"మీ ఇంటామె సుచిత్రమ్మే సారూ. దినాం మీ దొడ్డి గేటు కాడ నాకు పోస్తది. మీ బర్రె ఏడున్నదని మాత్రం నన్నడగకు, రెండు నెలల సంది నేను గూడ గదే దేవులాడుతున్న."