ఆయన తరఫున

“మీవారు రాలేదా అమ్మా?” అధ్యక్షుడి కుర్చీలోంచి పెద్ద డాక్టరు అడిగాడు.

“రాలేకపోయారండీ. ఆయన తరఫున నేనొచ్చాను.”

ఆమె రోగుల ప్రతినిధి కుర్చీలో కూర్చుంది. చీర నలిగి ఉంది. జుట్టు చేత్తో ముడేసుకున్నట్టుంది. రోగి రాలేకపోతే ఇంట్లోవాళ్లు వచ్చి చెయ్యెత్తవచ్చని ప్రాంతీయ ఆరోగ్య ప్రణాళిక సంఘం నియమం. ఆ సంఘంలో అందరికీ చోటుంది. డాక్టర్లకు, వర్తకులకు, ప్రైవేటు ఆసుపత్రి యజమానికి కూడా. జబ్బుపడ్డవాళ్లకు మాత్రం ఒక్కటే కుర్చీ, అదీ తలుపు పక్కన.

ఇవాళ తేలాల్సింది ఒకటే. కొత్త డయాలసిస్ యంత్రాలు ఈ ఊరి ప్రభుత్వాసుపత్రికా, నగరానికా? ఇప్పుడైతే కిడ్నీలు పాడైనవాళ్లంతా చీకటితో లేచి, వ్యానెక్కి నగరానికి పోవాలి. తోటకూర కాడల్లా వాలిపోయి తిరిగి రావాలి. కొందరు దారిలోనే పోయారు. ఆమె భర్తకు ముందున్న ప్రతినిధీ అలాగే పోయాడు. కొత్తవాణ్ణి ఎన్నుకునేదాకా కుర్చీ ఖాళీగా ఉంది. ఆ సందులోనే మొదటి విడత యంత్రాలను నగరం తన్నుకుపోయింది.

ఈ విడత కూడా అక్కడ తన ఆసుపత్రిలోనే పెడితే దగ్గరుండి నడుపుతానని యజమాని ఉదారంగా ముందుకొచ్చాడు.

“ఇక్కడ చూసుకునేవాళ్లేరీ? నాలుగు రోజుల్లో మూలపడతాయి.”

“యంత్రాలు పాడైతే బాగుచేయించుకోవచ్చండీ. మనుషుల్ని చేయించలేం కదా” అంది ఆమె.

“ఈ ఆరాటమంతా మీ ఆయన కోసమేగా? సొంత లాభం చూసుకునేవాళ్లని ఇలాంటిచోట కూర్చోబెడితే ఇంతే!”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ మాట అనడానికి ఆయనకు నోరెలా వచ్చిందో!

ఆమె ముఖం పాలిపోయింది. చేతిలో ఫోను ఆగకుండా మోగుతుంటే కట్టేసింది.

“చేతులెత్తించండి సార్. కొంచెం తొందరగా.”

“అంత తొందరేంటమ్మా, టీ వస్తోంది.”

“నాకు టీ వద్దండీ. ఇంటికెళ్లాలి.”

చేతులు లేచాయి. లెక్కపెడితే రెండు వైపులా సమానం. ఆమె ఒక్కతే మిగిలింది. చెయ్యి పైకెత్తింది. యంత్రాలు ఊరికి దక్కాయి. యజమాని మొహం మాడ్చుకున్నాడు. పెద్ద డాక్టరు అక్కడికక్కడే తీర్మానం మీద సంతకం పెట్టేశాడు.

“వెళ్లి మీవారికి శుభవార్త చెప్పండమ్మా.”

ఆమె తలూపి బయటికొచ్చింది. వరండాలో గోడకు ఆనుకుని నిలబడి, ఫోను తెరిచి కొడుక్కి చేసింది.

“మనూరికే వచ్చాయిరా, ఇక తలుపులు తీసి, నాన్న తెల్లవారుజామునే పోయారని అందరికీ చెప్పు.”