రుచి గ్లాసు

రుచి చూపించడం అమ్మకం కిందికి వస్తుందా, రాదా? లైసెన్సుల ఆఫీసులో ఆ పూట తేలాల్సింది అదొక్కటే. వస్తే బీరు మేస్త్రీ కొట్టు మూతపడుతుంది. రాకపోతే సాయంత్రం మళ్లీ తెరుచుకుంటుంది.

బీరు మేస్త్రీ అన్నది ఊళ్లోవాళ్లు పెట్టిన పేరు. తన కొట్లో తనే బీరు కాచి, అక్కడికక్కడే అమ్ముతాడు. పెద్ద కంపెనీల సరుకు గుమ్మం తొక్కనివ్వడు. అలాంటి చిన్న కొట్లకి రూళ్లు తలవెంట్రుకలన్ని ఉంటాయి. కాచిన చోటే తాగించాలి. సీసాల్లో పోసి బయటికి పంపకూడదు. మధ్యాహ్నం విరామంలో చుక్క అమ్మకూడదు. మనిషికి ఇంతకు మించి పోయకూడదు. అయితే కొత్త సరుకు ఎలా కుదిరిందో ఎవరో ఒకరు తాగి చెప్పాలి కదా. అందుకని చిన్న గ్లాసుతో ఊరికే రుచి చూపించవచ్చని వెసులుబాటు ఇచ్చారు. ఎన్ని గ్లాసులో రాయడం మరిచిపోయారు.

మేస్త్రీ తరఫు లాయరు ఆ సందులోనే దూరాడు.

"మావాడు అమ్మలేదు సార్. పైసా పుచ్చుకోలేదు. రుచి చూపించాడు, అంతే."

"ఎన్నిసార్లు చూపించాడు?" అన్నాడు అధికారి.

లాయరు మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ నేల వైపు చూశాడు.

"లెక్కపెట్టలేదు సార్," అన్నాడు మేస్త్రీ. "కొత్త పీపా ఆ రోజే తెరిచాను. విరామం, అందరూ వెళ్లిపోయారు. కారులో వచ్చిన ఒకాయన మాత్రం మిగిలాడు. రుచి చూసి బాగుందన్నాడు. చేదు ఎక్కువైందా అని అడిగాను. ఇంకోటి తాగితే గానీ చెప్పలేనన్నాడు. పోశాను. ఇలా కాచే చెయ్యి ఇంకెక్కడా లేదన్నాడు. మళ్లీ పోశాను."

వండినవాణ్ణి పొగిడితే గిన్నె ఖాళీ అయ్యేదాకా వడ్డిస్తాడు. మేస్త్రీ చేసిందీ అదే. పొగిడినవాడు కడుపు నిండాక కారెక్కాడు. రెండు వీధుల అవతల, స్కూటరు మీద ఇంటికెళ్తున్న అమ్మాయిని గుద్దేశాడు. అమ్మాయి అక్కడికక్కడే పోయింది. వాడిప్పుడు జైల్లో ఉన్నాడు.

మేస్త్రీ ఇదంతా ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. మొహంలో ఏ భావమూ లేదు.

"రాతిగుండె," అని వెనక బెంచీలో ఎవరో గొణిగారు.

ఫిర్యాదు చేసింది అమ్మాయి తల్లి. ఎదురు బెంచీ చివర కూర్చుంది. ఆవిడా ఏడవడం లేదు. ఏడవడానికి లోపల ఏమీ మిగిలినట్టు లేదు. వచ్చిన దగ్గర్నుంచీ మేస్త్రీ వైపు తలెత్తి చూడలేదు.

మంచినీళ్లు తెచ్చిన ప్యూను ఆవిడ దగ్గర ఆగాడు. "అమ్మాయి నాన్నగారు రాలేదామ్మా?"

"వచ్చారు," అంది.

హాలు నిండా జనమే. ప్యూను తలూపి ముందుకు వెళ్లిపోయాడు.

అధికారి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఇలాంటి ఫిర్యాదు తన సర్వీసులో ఎన్నడూ రాలేదన్నాడు.

"చూడమ్మా. రూలు ప్రకారం రుచి చూపించడం అమ్మకం కాదు. అలాగని విరామంలో పీపా తెరవడం ఒప్పూ కాదు. నేను ఎటైనా రాయొచ్చు. మీరు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే హెచ్చరించి వదిలేస్తాను. తీసుకోనని పట్టుబడితే ఆ కొట్టు లైసెన్సు పోతుంది. మళ్లీ రాదు."

"వెనక్కి తీసుకోను."

"తొందరపడకండి. ఆ కొట్టు మూస్తే ఒక ఇంట్లో పొయ్యి వెలగదు."

"తెలుసు సార్."

"పోయిన పిల్ల తిరిగి రాదు కదమ్మా."

"అదీ తెలుసు."

లాయరు ఉండబట్టలేక లేచాడు. "అమ్మా, అది చిన్న గ్లాసు. గట్టిగా గుక్కెడు పట్టదు."

"ఎంత పడుతుందో నాకు తెలుసు," అంది ఆవిడ. "మనిషి తూలుతున్నాడని తెలిసీ పోశారు. పొగుడుతున్నాడని పోశారు. రేపు ఇంకొకడు వచ్చి పొగుడుతాడు. ఇంకొకళ్ల పిల్ల ఆ దారినే ఇంటికెళ్తుంది."

లాయరు కూర్చున్నాడు.

"మీరేమైనా చెప్పుకుంటారా?" అని అధికారి మేస్త్రీని అడిగాడు.

మేస్త్రీ అప్పుడు ఆవిడ వైపు చూశాడు.

"ఆవిడ చెప్పింది నిజం సార్. రాసేయండి."

అధికారి రాశాడు. ఒక్క కలం పోటుతో ఇన్నేళ్ల కొట్టు మూతపడింది. ఇక మిగిలింది పీపాల్లో ఉన్న బీరు. దాన్ని అమ్మకూడదు, ఊరికే ఇవ్వకూడదు. ఇన్‌స్పెక్టరు ఎదుట కాలవలో పారబోయాలి. ఫిర్యాదు చేసినవాళ్లు కూడా ఉండి చూడాలి. అదీ రూలే.

సాయంత్రం ముగ్గురూ కొట్లో నిలబడ్డారు. మేస్త్రీ ఒక్కో పీపా కుళాయీ తిప్పుకుంటూ వెళ్లాడు. కాలవ పట్టక నురగ నేలంతా పాకింది. ఆవిడ కాళ్ల దాకా వచ్చింది. ఆవిడ వెనక్కి జరగలేదు.

ఇన్‌స్పెక్టరు షట్టరు దించి సీలు వేశాడు. ఇద్దరి వైపూ ఒకసారి చూసి, బండెక్కి వెళ్లిపోయాడు. ఆవిడ తన దారిన నడిచింది. మేస్త్రీ మూసిన షట్టరు ముందు కాసేపు ఊరికే నిలబడ్డాడు.

అమ్మాయి తల్లి ఇంటి తాళం తీసి, గూట్లో ఉన్న మూడు కంచాల్లోంచి రెండే కిందికి దించి, గుమ్మం దగ్గరే ఆగిపోయిన బీరు మేస్త్రీని, "ఏమండీ, కాళ్లు కడుక్కుని రండి, అన్నం పెడతాను," అని పిలిచింది.