చివరి సాలు దాకా

మోటారు దగ్గింది. పైపులోంచి నీళ్ళకు బదులు గాలి వచ్చింది.

టమాటా తోట పూత మీదుంది. ఎరువు కరిగించిన బకెట్టు పక్కన రైతు తల పట్టుకుని కూర్చున్నాడు. తడి చాలకుండా ఎరువు వదిలితే వేర్లు మాడతాయి. వదలకపోతే పిందె నిలవదు.

"రేపు చూద్దాం లెండి," అంది భార్య.

మర్నాడు మోటారు వేయగానే డ్రిప్పు గొట్టాల్లో నీళ్ళు నిండుగా పరుగెత్తాయి.

రైతుకు ఏమీ పాలుపోలేదు. చినుకు పడలేదు. బోరు లోతు చేయించిందీ లేదు.

"మొదళ్ళకు గడ్డి కప్పాను కదా, దాని మహిమ," అంది భార్య.

"గడ్డి కప్పింది నేల మీద. బోరులో నీళ్ళెలా ఊరాయే?"

"వచ్చిన నీళ్ళను ఎందుకొచ్చావని అడుగుతారేంటి? ముందు ఎరువు వదలండి."

వదిలాడు. అనుమానం మాత్రం అతన్ని వదల్లేదు.

పిందెలు పడుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం తోటలో ఎవరో వంగి కనిపించాడు. ముఖం ఎరగని మనిషి. గడ్డి పక్కకు తీసి, మట్టిని పిడికిట పట్టి చూస్తున్నాడు.

"ఎవరు నువ్వు? మా తోటలో ఏం పని?"

"ఏం లేదన్నా. చివరి సాలు దాకా నీళ్ళందుతున్నాయా అని."

"అందితే నీకేంటి, అందకపోతే నీకేంటి?"

ఆ మనిషి తీసిన గడ్డిని మళ్ళీ మొదలు చుట్టూ సర్ది వెళ్ళిపోయాడు.

"పిచ్చివాడేమో," అంది భార్య.

"దొంగేమో," అన్నాడు రైతు. కాయ ఎర్రబడేదాకా తోటలోనే మంచం వేసుకున్నాడు.

దొంగ రాలేదు. తోట విరగకాసింది.

స్టార్టరు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్‌ను రైతు అడిగాడు.

"ఆ రోజు నీళ్ళెలా వచ్చాయో నాకింకా అర్థం కావట్లేదయ్యా."

మెకానిక్ వింతగా చూశాడు.

"మీకు తెలుసనుకున్నానే. గట్టవతల చేను కౌలుకు తీసుకున్న కొత్తాయన బోరుకీ, మీ బోరుకీ భూమి లోపల ఒకటే జల. రెండు మోటార్లూ ఆడితే ఇద్దరికీ గాలే."

"ఆయన్ని నేను చూడనేలేదు."

"మీ తోటకొచ్చానన్నాడే. చివరి సాలు దాకా తడి ఉందని ఎంత సంబరపడ్డాడో."

రైతు గట్టెక్కాడు. భార్యా, మెకానిక్ వెనకే వచ్చారు. అవతల గుడిసెకు తాళం. డ్రిప్పు గొట్టాలు చుట్టలు చుట్టి ఉన్నాయి. టమాటా మొక్కలు పూతతోనే ఎండి నిలబడ్డాయి.

"ఎక్కడికెళ్ళాడు?"

"కూలికి. ఏ ఊరో చెప్పలేదు."

"పూతకొచ్చిన తోటను ఎందుకలా వదిలేశాడు?" అని అడిగింది భార్య.

"రెంటిలో ఏ తోట తక్కువ నీళ్ళతో గట్టెక్కుతుందని నన్నడిగాడమ్మా, గడ్డి కప్పిన మీ తోటేనన్నాను, ఆ సాయంత్రమే తన మోటారు ఆపేశాడు."